తిప్పేస్వామి సొంత గొంతు

మా వీధి మనిషి ఒకడి ఫోటోకు రోజూ సాయంత్రం ఏడున్నరకు దండ పడుతుంది. టీవీలో పడుతుంది. ఆ సీరియల్ పేరు నా నోటితో చెప్పను, చెబితే దానికి ఇంకో నలుగురు చూసేవాళ్లు తోడవుతారు. అందులో ఒక పెద్ద బంగళా ఉంది. బంగళా హాల్లో మెట్ల పక్కన గోడ మీద నవ్వుతున్న తిప్పేస్వామి ఫోటో, దానికి గంధపు దండ, ముందర ఒక బల్బు దీపం. హీరోయిన్‌కు కష్టం వచ్చినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి ఆ ఫోటో ముందు ఏడుస్తుంది. వారం పొడుగునా ఆ పిల్లకు కష్టాలే.

మనిషి మాత్రం మా ఎదురింట్లో ఉన్నాడు. ఇందాకే కుళాయి దగ్గర బిందె నింపుకుని లోపలికి పోయాడు. బతికున్న మనిషి ఫోటోకు దండ వేస్తే మా ఎమ్మిగనూరులో పళ్లు రాలగొడతారు. హైదరాబాదులో దాన్ని కథ నడపడం అంటారు.

నా పేరు భీమాబాయి. ఇక్కడి హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మాది మంత్రాలయం పక్క ఊరు, ఇంట్లో కన్నడం, బళ్లో తెలుగు. నాకు కోపం ఎక్కువని స్టాఫ్ రూములో పేరుండేది. ఉద్యోగం పోయినా కోపం పోలేదు. తిప్పేస్వామి విషయంలో అది ఇంకాస్త పెరిగింది. ఎందుకు పెరిగిందో వింటే మీకూ పెరుగుతుంది.

వాళ్లది నేత ఇల్లు. తండ్రి బసన్న గుంట మగ్గం మీద నేసేవాడు. తల్లి లక్ష్మక్క రాట్నం దగ్గర కూర్చుని కండెలకు దారం చుట్టేది. చుట్టూ మగ్గాల ఇళ్లే. పొద్దున మొదలైన చప్పుడు ఆగదు కాబట్టి ఆ వీధి వాళ్లకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. పక్కింటావిడను చిటికెడు ఉప్పు అడిగినా ఊరంతటినీ అడిగినట్టే ఉంటుంది. తిప్పేస్వామిది అలా మగ్గం చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి తయారైన గొంతు. కాస్త గరుకు. కానీ వాడు బళ్లో పద్యం అప్పజెబుతుంటే పక్క తరగతి లెక్కల మాస్టారు పాఠం ఆపి మా గుమ్మంలో వచ్చి నిలబడేవాడు. నేను చెప్పిన పద్యమే, వాడి నోట్లో పడితే నాకే కొత్తగా వినబడేది.

పెద్దయ్యాక జాతరలో పౌరాణిక నాటకమంటే రాజు వేషం వాడిదే. ఒక ఏడాది మైకు చెడిపోయింది. మిగతా నటులు దిక్కులు చూస్తూ నిలబడితే వాడొక్కడే ముందుకొచ్చి, చివరి వరసలో చెరుకు నములుతున్న వాళ్లకు కూడా వినబడేటట్టు నాటకం నడిపించాడు. లక్ష్మక్క ముందు వరసలో కూర్చుని వెనక్కు తిరిగి తిరిగి అందరికీ చెప్పేది. "నా కొడుకు గొంతప్పా అది. నా కొడుకుది."

బసన్న పోయాక వాడు హైదరాబాదు పోతానన్నాడు. పక్కింటి సిద్ధప్ప, మరమగ్గాలు పెట్టుకుని కాస్త నిలదొక్కుకున్నవాడు, వద్దన్నాడు. వీధంతా వద్దంది. లక్ష్మక్క ఒక్కతే పొమ్మంది.

"పో నాయనా. నిన్ను టీవీలో సూడాల నేను. అంతే నాకు."

అక్కడ వాడు పడ్డ అవస్థ ఫోన్లో నాకు చెప్పేవాడు. అమ్మకు చెప్పలేక నాకు చెప్పేవాడు. మొదట్లో దొరికినవన్నీ రౌడీ వేషాలే. మా సీమ మాట వాళ్లకు కొడవలి పట్టుకున్నప్పుడే కావాలి. కొడవలి లేకుండా అన్నం తినే మనిషికి, పిల్లను బడికి పంపే మనిషికి ఆ మాట పనికిరాదు. ఇక్కడ మేమందరం పొద్దున లేచి ఒకరి మీద ఒకరం బాంబులు వేసుకుంటూ కూర్చుంటామని వాళ్ల లెక్క. సరే, రౌడీగానైనా సొంతంగా మాట్లాడనిచ్చారా అంటే అదీ లేదు. ఒక డైరెక్టరు, కర్నూలు దాటి ఇటు ఎప్పుడూ వచ్చిన పాపాన పోలేదట, వీణ్ణి షాట్ మధ్యలో ఆపాడు.

"నీకు సీమ యాస సరిగ్గా రావడం లేదయ్యా. ఇంకా గట్టిగా కొట్టాలి."

"మాది ఎమ్మిగనూరు సార్. మేం మాట్లాడేది ఇట్లే."

"అయితే మీ ఊళ్లో మర్చిపోయి ఉంటారు" అని, ఆయనే కళ్లు పెద్దవి చేసి, మీసం మీద చెయ్యి వేసి, ఏదో ఒక తీరులో అరిచి చూపించాడట. వీడు అలాగే అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారట.

ఆ మాట విన్న రోజు నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను.

ఇక్కడ లక్ష్మక్కకు చూపు తగ్గుతూ వచ్చింది. మొదట పక్కన ఉన్నవి కనబడేవి కావు, నడుస్తుంటే భుజం గుమ్మానికి తగిలేది. దారం తెగితే కొస దొరికేది కాదు. వయసు మీద పడిందనుకుంది. ఆదోనిలో కంటి డాక్టరు దగ్గరకు నేనే తీసుకుపోయాను. నీటి కాసులు, నరం ఎండిపోయింది, పోయిన చూపు ఇక రాదు అన్నాడాయన. ఇంకొన్నాళ్లకు ఉన్నదీ పోయింది. అయినా రాట్నం వదలలేదు. వేలికి తగిలే దారాన్ని బట్టి కండె చుట్టేది. మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకునేది. నేను చెప్పులు విప్పుతుండగానే "రా టీచరమ్మా" అనేది.

"టీవీలో వాణ్ణి సూసే రాత ల్యాకపాయ. పోనీలే. వాని గొంతు వింటా. గొంతు సాలు నాకు" అంది ఒకరోజు.

అది మొదలు ఆ ఇంట్లో అందరి ఆశా ఆ ఒక్కదాని మీదే నిలబడింది. వాడి గొంతు టీవీలో రావాలి, ఆమె వినాలి.

చివరికి ఈ సీరియల్ వచ్చింది. హీరోయిన్‌కు పెద్దన్న వేషం. మంచివాడి వేషం. కొడవలి లేదు, తెల్ల చొక్కా, కళ్లజోడు. అదే ఊపులో ఆదోని పిల్ల చందనతో పెళ్లయింది. చందన జాకెట్లకు మగ్గం వర్క్ చేసేది, నెమ్మదస్తురాలు. హైదరాబాదులో ఇల్లు కుదిరేదాకా అత్త దగ్గరుంటానని తనే అడిగి ఇక్కడికి వచ్చింది.

మొదటి ఎపిసోడు రోజు సిద్ధప్ప ఇంట్లో పెద్ద టీవీ ముందు చేరాం. తిప్పేస్వామి తెర మీదికి రాగానే వీధంతా కేకలు. నాలుగు మాటలు మాట్లాడాడు. లక్ష్మక్క తల పక్కకు వంచి వింటోంది.

"ఇంగా రాలేదా వాడు?"

"వచ్చినాడు గదా లక్ష్మక్కా, మాట్లాడ్తాండాడు" అన్నాడు సిద్ధప్ప.

"ఎవుడో మాట్లాడ్తాండాడు. నా కొడుకు కాదు."

"వాడేనప్పా. తెల్ల సొక్కా ఏసుకోని ఎంత బాగుండాడో."

"సొక్కా నాకెందుకు సిద్ధప్పా? గొంతు యాడ?"

నేను కూడా అప్పుడే గమనించాను. ఆ తియ్యటి, గుండ్రటి, ఎక్కడా గీత పడని గొంతు మా వాడిది కాదు.

విషయం ఏమిటంటే, షూటింగులో వాడు మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. అది డబ్బింగు వాళ్లకు ఆనవాలు కోసమే. తర్వాత స్టూడియోలో ఇంకొకాయన వీడి పెదాలు చూస్తూ మాటలు చెబుతాడు. టీవీలో వచ్చేది ఆయన గొంతు. హీరోయిన్ బెంగళూరు పిల్ల, తెలుగు ముక్క రాదు. కెమెరా వెనకనుంచి ఒకరు అందిస్తుంటే పెదాలు కదుపుతుంది. ఆ పిల్లకు డబ్బింగు పెట్టారంటే అర్థముంది. మంచి పిల్ల కూడా, వీడి దగ్గర కన్నడంలో తన కష్టసుఖాలు చెప్పుకునేదట. ఆమె మీద నాకేం కోపం లేదు. కానీ నా దగ్గర అయిదేళ్లు తెలుగు చదువుకుని, మైకు లేకుండా జాతరను కూర్చోబెట్టిన వాడి నోటికి తెలుగు అరువు తేవడమేమిటి? వీడు వెళ్లి షూటింగు మేనేజరును అడిగాడు. "పెద్దన్న అంటే హుందాగా ఉండాలి స్వామీ. నీ మాటలో ఆ క్లాసు లేదు" అన్నాడట.

బసన్న ఎంత హుందాగా మాట్లాడేవాడో నాకు తెలుసు. తన కొడుకు మార్కులు తగ్గాయని బడికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "మా వాన్ని దండించండమ్మా, గానీ అందురి ముందర వద్దు" అన్న మనిషి. ఆయన మాట్లాడింది ఈ మాటే. ఇందులో హుందాతనం లేదని చెప్పడానికి వాడెవడు?

సీరియల్ బాగా నడిచింది. నందవరం నుంచి, ఆలూరు నుంచి జనం వచ్చి ఇల్లు చూసి పోయేవాళ్లు. తల్లి మాత్రం ప్రతి సాయంత్రం సిద్ధప్ప ఇంట్లో తల వంచుకుని కూర్చుని, అయిపోయాక లేచి, గోడ పట్టుకుని ఇంటికొచ్చేది. "ఈ పొద్దు గూడా రాలేదు" అనేది చందనతో.

ఆ రోజుల్లోనే ఆదోనిలో ఒక బట్టల దుకాణం ఓపెనింగ్‌కు వాణ్ణి పిలిచారు. నన్నూ చందననూ వెంట తీసుకుపోయాడు. బజారు నిండా జనం. చందన అమ్మానాన్న, అక్కచెల్లెళ్లు ముందే వచ్చి కూర్చున్నారు. రిబ్బను కత్తిరించాక మైకు చేతికిచ్చారు.

"అందురూ బాగుండారా? నాది పక్కన ఎమ్మిగనూరే. మీ ఇంటి పిల్లనే సేసుకున్యా" అన్నాడు.

జనం నవ్వారు. మంచి నవ్వు కాదు. "ఏందప్పా, గొంతు ఇట్లుంది?" అన్నారెవరో. "డూప్లికేటును పట్టుకొచ్చినారు. అసలోడు ఇట్లా మాట్లాడ్తాడా?" అన్నారు ఇంకొకరు. "సీరియల్ మాదిరి మాట్లాడు సార్!" అని కుర్రాళ్లు అరిచారు. దుకాణం ఆయన కంగారుపడి మైకు తీసుకుని, "సార్ చెయ్యి ఊపుతారు, అందరూ ఫోటోలు తీసుకోండి" అన్నాడు. వాడు చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.

హైదరాబాదు వాళ్లంటే వాళ్లకు మేం తెలియదు, ఏదో పొగరు అనుకోవచ్చు. ఆదోని జనం! ఆ నవ్విన ఒక్కొక్కరూ ఇంటికి పోయి పెళ్లాంతో మాట్లాడేది అదే మాట. సొంత అమ్మను పిలిచేది అదే మాట. రోజూ టీవీలో విని విని, తమ మాట ఎదురుగా ఇంకొకరి నోట్లో వినబడితే నకిలీ అనిపించింది వాళ్లకు. నాకు ఆ రోజు స్టేజీ ఎక్కి వాళ్లందరినీ బెంచీ ఎక్కించాలనిపించింది. సిగ్గులేని జనం.

తిరిగి వచ్చేటప్పుడు కారులో చందన మెల్లగా అంది. "ఇంగ చాలు. వచ్చేయండి. జాతరలో ఆడుకుంటా ఈడే ఉందురు."

"ఒక్కసారి. మా అమ్మకు ఒక్కసారి నా గొంతు వినిపించి వచ్చేస్తా."

"నాకు వినిపించేది ఎప్పుడు?" అంది ఆమె. వాడికి అర్థం కాలేదు. నాకయింది. పెళ్లయిన ఏడాదిన్నరలో వాడు ఇంట్లో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోన్ చేస్తే షాట్‌లో ఉన్నాడనేవాళ్లు. ముందు వారాలకు నిలవ ఎపిసోడ్లు తీసిపెట్టుకోవాలని పండక్కి కూడా వదిలేవాళ్లు కాదు. ఆమెకు కడుపు పోయినప్పుడు కూడా రాలేకపోయాడు. ఆ రోజు తెర మీద వాడు చెల్లెలు జ్వరంతో పడుకుంటే మంచం పక్కన కూర్చుని తెల్లవార్లూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఎపిసోడు చందన ఆసుపత్రి మంచం మీదనుంచి చూసింది. ఆమె తర్వాత ఆదోనికి పుట్టింటికి పోయింది. పోతూ నా దగ్గరకు వచ్చింది.

"ఆయన గొంతు కోసం ఆయన కొట్లాడ్తాండాడు మేడమ్. తప్పని నేను అనడం లేదు. కానీ నేను మాట్లాడితే వినేదానికి ఎవురుండారు?"

ఆమెది తప్పని వీధిలో అన్న ఆడవాళ్లతో నేను పోట్లాడాను. ఇప్పటికీ వాళ్లలో ఇద్దరితో నాకు మాటల్లేవు.

ఇల్లు అలా అయ్యాక వాడు ఇంకా మొండికేశాడు. మేనేజరు వెంట పడ్డాడు. చివరికి ఆయన విసిగిపోయో, జాలిపడో, సరేనన్నాడు. చెల్లెలి సీమంతం ఎపిసోడులో పెద్దన్న చెల్లెలితో మాట్లాడే సీనుంది, ఆ ఒక్కటీ నువ్వే చెప్పుకో అన్నాడు. వాడు స్టూడియోకు పోయి చెప్పాడు. సౌండు చూసే ఆయన అద్దం అవతలనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడట. వాడు వెంటనే నాకు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు.

"మేడమ్, వచ్చే సోమవారం. మా అమ్మకు సెప్పండి. నా గొంతే వస్తాది."

సోమవారం లక్ష్మక్క తలంటుకుని పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది. బసన్న నేసిన చీర అది. సిద్ధప్ప ఇంట్లో వీధంతా చేరింది. ఏడున్నర కాబోతుండగా సిద్ధప్ప లేచి పోయి తన మరమగ్గాలు ఆపేశాడు. తర్వాత పక్కింట్లో ఆగాయి. ఆ పక్క ఇంట్లో ఆగాయి. లక్ష్మక్కకు బాగా వినబడాలని ఎవరూ చెప్పకుండానే వీధి వీధంతా మగ్గాలు ఆపింది. మా దగ్గర అలా ఆపేది ఎవరైనా పోయినప్పుడే. అంత నిశ్శబ్దంలో ఆమె మెడ చాచి కూర్చుంది.

సీమంతం సీను వచ్చింది. పెద్దన్న చెల్లెలి చేతికి గాజులు తొడిగి నోరు తెరిచాడు. అదే తియ్యటి గొంతు. అదే గుండ్రటి గొంతు.

నేను లక్ష్మక్క ముఖం చూడలేక టీవీనే చూస్తూ కూర్చున్నాను. సీను అయిపోయింది. ప్రకటనలు మొదలయ్యాయి.

"ఆపొద్దప్పా సిద్ధప్పా. ఇంగా వస్తాడేమో" అంది ఆమె.

జరిగిందేమిటంటే, చానెల్‌లో ఎవరో పెద్దమనిషి విని, ఉన్నట్టుండి గొంతు మారితే ప్రేక్షకులు ఒప్పుకోరని తీసేయించాడు. పాత ఆయన్ని పిలిపించి మళ్లీ చెప్పించారు. వీడికి ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సినంత మనిషిగా వాళ్లకు అనిపించలేదు. వాడు మర్నాడు ఆఫీసుకు పోయి అడిగాడు. మా మీద చెయ్యి చేసుకోబోయాడని వాళ్లన్నారు. నేను గట్టిగా అడిగానంతే అని వాడన్నాడు. వాడి మాటే నమ్ముతాను. వాడి గొంతు మామూలుగానే అంత ఉంటుంది. సీమ వాడు గట్టిగా మాట్లాడితే కొట్టడానికి వచ్చాడని అనుకోవడం ఆ ఊళ్లో అందరికీ సులువు.

ఆ నెలలోనే పెద్దన్న పాత్రను చంపేశారు.

చంపేశాక జరిగినవి ముందే చెప్పేస్తాను. ఆ ఎపిసోడు వచ్చిన సాయంత్రం సంగతి చెప్పాక నాకింకేం మాట్లాడబుద్ధి కాదు. గొడవ మనిషి అని పేరు పెట్టి మిగతా సీరియళ్ల వాళ్లూ వాణ్ణి రానివ్వలేదు. వాడు ఇప్పుడు సిద్ధప్ప దగ్గర మరమగ్గాల పని చూస్తూ, పిలిచిన ఊళ్లలో నాటకాలు ఆడుతున్నాడు. ఫోటో మాత్రం ఆ బంగళా గోడ మీద ఉండిపోయింది. దాన్ని వాడుకోవడానికి వాణ్ణి అడిగింది లేదు. ఆదోనిలో చందన జాకెట్టు కుట్టుకుంటుంటే పక్కింటి ఆడవాళ్లు టీవీ చూసి, "ఏమ్మే, మీ ఆయనకు దండ ఏసినారు, నువ్వేమో బొట్టు పెట్టుకోనుండావు" అని నవ్వుతారట. వేళాకోళమట. ఆ మాట ఆమె నాకు ఫోన్లో చెప్పినప్పుడు, వాళ్ల ఇంటి నంబర్లు చెప్పు, నేను మాట్లాడతానన్నాను. "వద్దు మేడమ్" అంది. అయినా రోజూ అత్తకు ఫోన్ చేస్తుంది. మొగుడు పక్కనే ఉంటే అతని గొంతు వినబడేదాకా ఫోన్ పెట్టదని లక్ష్మక్క నాతో చెప్పింది.

ఇక ఆ సాయంత్రం.

ముందు రోజు తిప్పేస్వామి నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, రేపు మా అమ్మను టీవీ దగ్గరికి పోనియ్యద్దండి. నన్ను సంపేస్తాండారు. వీధిలో వాళ్లు సచ్చినాడు, సచ్చినాడు అంటాంటే తట్టుకోలేదు." నేను సరేనన్నాను. ఏడు గంటలకే వాళ్లింటికి పోయాను. సిద్ధప్ప ఇంట్లో చుట్టాలు వచ్చారు, ఈ రోజు ఇక్కడే కూర్చుందాం అన్నాను. లక్ష్మక్క సరేనని రాట్నం ముందు పెట్టుకుంది. నేను ఏదేదో మాట్లాడుతూ కూర్చున్నాను. రెండిళ్లకూ మధ్య ఒకే గోడ అన్న సంగతి నాకు తట్టలేదు. మగ్గాలు ఆడుతుంటే వినబడాలని సిద్ధప్ప ఇంట్లో టీవీ గట్టిగా పెడతారన్న సంగతీ తట్టలేదు.

టీవీ మాటలు మగ్గాల చప్పుడులో కలిసిపోయి గోడ అవతల గొణుగుడులా వినబడుతున్నాయి. లక్ష్మక్క వేళ్ల మధ్య దారం సాగుతోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడునంతా చీల్చుకుని ఒక కేక వచ్చింది.

"యమ్మా!"

కండె ఆమె చేతిలోనుంచి జారి దొర్లుకుంటూ పోయింది.

"నా కొడుకు" అంది. "టీచరమ్మా, నా కొడుకు!"

నేను పట్టుకునేలోపలే లేచింది. రాట్నానికి కాలు తగిలి తూలింది, గోడ పట్టుకుంది, గుమ్మం వెతుక్కుంది. చెప్పుల్లేవు, కొంగు కిందపడింది. వీధిలోకి పోయి, ఏ దిక్కుకు పోవాలో తెలియక ఉన్నచోటే తిరుగుతూ అరిచింది. "స్వామీ! యాడుండావురా? ఎవురప్పా నా కొడుకును కొట్టింది? దేవుళ్లారా, ఎవురన్నా సూడండప్పా!"

జనం బయటికి వచ్చారు. సిద్ధప్ప పరుగెత్తుకొచ్చాడు. "ఏం లేదు లక్ష్మక్కా, అది టీవీ, సీరియలు" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. ఒక్కో ఇంట్లో మగ్గం ఆగింది. చివరికి ఆమె ఏడుపు తప్ప వీధిలో ఇంకేం వినబడలేదు.

తర్వాత తెలిసింది. లారీ గుద్దినప్పుడు పెద్దన్న నోట్లోనుంచి వచ్చే కేక ఒక్కటే ఆ ఎపిసోడులో వాడికి ఉన్న మాట. ఆ ఒక్క కేక కోసం డబ్బింగు ఆయన్ని పిలవడం దండగనుకున్నారు. షూటింగులో వాడు అరిచింది అలాగే ఉంచేశారు. చావు కేకకు క్లాసు అక్కర్లేదు కదా. అన్నాళ్ల పాటు వాడి నోటి మాట వినబడనివ్వని వాళ్లు, చచ్చేటప్పుడు మాత్రం సొంత గొంతుతో చావనిచ్చారు.

నేను ఫోన్ చేసి ఆమె చెవి దగ్గర పెట్టాను. అందరం వినేట్టు స్పీకర్ పెట్టాను.

"మా" అన్నాడు వాడు.

"నాయనా, ఎవురప్పా నిన్ను కొట్టింది?"

"ఎవురూ కొట్టలేదు మా. బాగుండా. అది యాక్టింగు."

"నాకు సెప్పద్దు. యాక్టింగయితే ఇంగొకని గొంతు పెడ్తారు గదా. ఇన్నేండ్లు నేను విన్లేదా? ఇది నీ గొంతు. నీ గొంతు పెట్టినారంటే నిజంగానే నిన్ను ఏదో సేసినారు."

ఆమె మాటలో తప్పు ఎక్కడుందో చూపించగల మొనగాడు మా వీధిలో ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున బస్సు దిగి వచ్చాడు. చేతిలో ఒక సంచి, తెర మీద వేసుకునే కళ్లజోడు జేబులో. గుమ్మంలో అడుగు పెట్టగానే లక్ష్మక్క లేచి వాణ్ణి పట్టుకుంది. తల తడిమింది, చెవుల వెనక నొక్కి చూసింది, భుజాలు, వీపు, మోచేతులు, ఒక్కొక్కటిగా వేళ్లతో వెతికింది. తెగిన దారానికి కొస వెతికినట్టే ఓపికగా వెతికింది. దెబ్బ దొరకలేదు.

"యాడ తగిలింది నాయనా? సెప్పు. నాకు దాసొద్దు."

వాడు లేదమ్మా అంటాడనుకున్నాను. అనలేదు. ఆమె చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకున్నాడు.

"ఈడ మా" అన్నాడు.